ఎర్ర కారుకు గంధం పూత

పైవాళ్ళు ఏ నిబంధన పెట్టినా మన మంచికే పెడతారని నమ్మే కొద్దిమందిలో నేనొకణ్ణి. ఇరవయ్యేళ్ళుగా ఇంటర్ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను కాబట్టి ఆ నమ్మకం ఎలా నిలబడిందని అడక్కండి. నిలబడింది, అంతే. ఈ మధ్య మా కారు విషయంలో కూడా, నా పేర నోటీసు వచ్చేదాకా చెక్కుచెదరలేదు.

మా కారు ఎర్రది. చూడ్డానికి చిన్నదే. వెనక తలుపు ఎత్తితే పాతిక కిలోల బియ్యం బస్తా, రెండు గుమ్మడికాయలు, మా అత్తగారి చేతిసంచి సుఖంగా పడతాయి. కానీ స్టీరింగు పక్కన ఒక బటనుంది. అది నొక్కితే కారుకు పూనకం వస్తుంది. నేను ఒక్కసారే నొక్కాను, అదీ ఏసీ అనుకుని. ఆ రోజు ఎన్ఏడీ జంక్షన్ నుంచి గోపాలపట్నం దాకా ఎలా వచ్చానో నాకిప్పటికీ తెలీదు.

సోమవారం నుంచి శనివారం వరకు ఆ కారు నాది. ముల్లు నలభై దాటకుండా కాలేజీకి వెళ్తాను, వచ్చేటప్పుడు రైతుబజారు దగ్గర ఆగుతాను. నెలకో ఆదివారం మాత్రం మా ఆవిడది. ఇందుమతి హైస్కూల్లో లెక్కల టీచరు. ఊరికి ఎనిమిది కిలోమీటర్ల అవతల, కొండపేట దగ్గర, వాడకం మానేసిన పాత రన్‌వే ఒకటుంది. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు అక్కడ క్లబ్బు పెట్టుకుని, పాత టైర్లు పేర్చి మలుపులు చేసుకుని, గడియారం పట్టుకుని తిరుగుతుంటారు. మా ఆవిడ హెల్మెట్ పెట్టుకుని, ఆ బటను నొక్కి తిరుగుతుంది. నేను రేకుల షెడ్డు నీడన చెరుకురసం తాగుతూ చప్పట్లు కొడతాను. పెళ్ళయిన పదహారేళ్ళలో మా ఇద్దరికీ పూర్తిగా నచ్చిన ఏర్పాటు ఇదొక్కటే.

రన్‌వే దగ్గరొక నల్లబోర్డుంది. దానిమీద మొదటి పేరు పలాస జీడిపప్పు వ్యాపారి ధనుంజయ్‌ది. ఒక్క నిమిషం ముప్ఫయ్యొకటి పాయింట్ నాలుగు సెకన్లు. రెండో పేరు ఇందుమతి. ఒక్క నిమిషం ముప్ఫయ్యొకటి పాయింట్ తొమ్మిది సెకన్లు. మధ్యలో ఉన్నది అర సెకను. ఆ అర సెకను కోసం ఆవిడ పద్నాలుగు నెలలుగా మలుపుల లెక్కలు కట్టింది. పప్పు మాడిపోతున్నా పెన్సిలు కింద పెట్టేది కాదు. ఇంతలో రన్‌వేని రొయ్యల మేత గోడౌన్లకు ఇచ్చేశారనీ, వచ్చే ఆదివారమే ఆఖరనీ కబురొచ్చింది.

"ఈ ఆదివారం కొట్టకపోతే ఇక ఈ జన్మకు లేదండీ" అంది.

"కొడతావులే ఇందూ" అన్నాను. సరిగ్గా ఆ సోమవారమే కొత్త సర్క్యులర్ అమల్లోకి వచ్చింది.

దాని పేరు ద్విస్వభావ వాహనాల క్రమబద్ధీకరణ. సారాంశం ఒక్క ముక్క: ఒక వాహనమునకు ఒకే స్వభావము ఉండవలెను. అమలు చెయ్యడానికి మా జిల్లాలో వాహన స్వభావ నిర్ణయ శాఖ అని ఒకటి వెలిసింది. నేను రైతుబజారు నుంచి వస్తుంటే ఆ శాఖ తాలూకు తనిఖీ మనిషి కారాపి వెనక తలుపు ఎత్తించాడు.

"ఇదేటి మేష్టారూ, కార్లో హెల్మెట్టేటి?"

"మా ఆవిడదయ్యా."

"మరి ఈ ములక్కాడలో?"

"అవి సాంబారుకి."

అతను తల పట్టుకున్నాడు. "ఏదో ఒకటైతే ఒగ్గీసుందును బాబూ. రెండూ ఒక్క డిక్కీలో ఉన్నాయి. కేసైపోనాది" అని పంచనామా రాశాడు. హెల్మెట్ ఒకటి, ములక్కాడలు ఆరు, స్వభావాలు రెండు. నేను సంతకం పెట్టాను. లెక్క సరిగ్గానే ఉంది మరి.

మంగళవారం ఇద్దరం సెలవు పెట్టి ఆ ఆఫీసుకు వెళ్ళాం. గేటు పక్కన గొడుగు కింద ఏజెంటు సన్యాసయ్య కూర్చునుంటాడు. ఆఫీసులో ఏ బల్ల మీద ఏ కాగితముందో లోపలివాళ్ళకంటే అతనికే బాగా తెలుసు.

"మా పరదేశిరావుగారు మంచోరే మేష్టారూ. కాయితం ఆపరు, కసురుకోరు. కాపోతే ఆలోచిస్తారు. అదొక్కటే పెమాదం" అన్నాడు.

స్వభావ నిర్ణయాధికారి శ్రీ పిన్నింటి పరదేశిరావుగారు భారీ మనిషి. మమ్మల్ని చాలా మర్యాదగా కూర్చోబెట్టారు.

"లెక్చరరు గారూ, మనిషికి రెండు స్వభావాలు ఉండవచ్చును. దానిని చూచుటకు వేరే శాఖ కలదు. వాహనమునకు మాత్రం ఉండరాదు. తమ వాహనము శాంతమా, ఉగ్రమా?"

"ఆరు రోజులు శాంతమండీ, నెలకో ఆదివారం ఉగ్రం" అన్నాను నిజాయితీగా.

"అట్లు కుదరదు. క్షేత్రస్థాయిలో పరిశీలించెదము."

ఆఫీసు ఆవరణలో కారుకెదురుగా మూడు కుర్చీలు వేశారు. పరదేశిరావుగారు, ఇద్దరు సభ్యులు కూర్చుని గంటసేపు కారును చూశారు. కారు కదలలేదు. 'వాహనము శాంతముగా ఉన్నది' అని రాసుకుని టీ తెప్పించుకున్నారు. తర్వాత స్టార్ట్ చెయ్యమన్నారు. ఇందుమతి చేసింది. 'శబ్దము శ్రావ్యము' అని రాసుకున్నారు. ఆ తర్వాత బటను నొక్కమన్నారు.

నొక్కింది. గోడమీద కాకులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఒక సభ్యుడి చేతిలో టీ రెండో సభ్యుడి చొక్కా మీద పడింది. బల్లమీది కాగితాలు సన్‌షేడ్ ఎక్కాయి. పరదేశిరావుగారు మాత్రం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, గడియారం చూసి, 'పదకొండు గంటల నలభై రెండు నిమిషములకు వాహనము ఎట్టి రెచ్చగొట్టుటయు లేకుండగనే ఆగ్రహించినది' అని రాయించారు.

"నిబంధన ప్రకారము ఒక వాహనమునకు రెండు స్వభావములు ఉండజాలవు. ఇచ్చట రెండు స్వభావములు కలవు. కావున ఇచ్చట ఉన్నవి రెండు వాహనములు" అన్నారు తీర్పు చెబుతూ.

మాకు పోయేదేముంది? బుధవారానికల్లా రెండు రిజిస్ట్రేషన్లు, రెండు నంబరు ప్లేట్లు చేతికొచ్చాయి. శాంత వాహనం నా పేర, ఉగ్ర వాహనం ఇందుమతి పేర. శాంతం నలభై దాటరాదు. ఉగ్రం రోడ్డెక్కరాదు. వెళ్ళేటప్పుడు ఒక్క కారుతో వెళ్ళి వచ్చేటప్పుడు రెండు కార్లతో వచ్చిన దంపతులం జిల్లాలో మేమే అయ్యుంటాం. దారిలో ఆగి జిలేబీ కూడా తిన్నాం.

గురువారం కొర్రీ పడింది. రెండు వాహనాలనూ పక్కపక్కన నిలబెట్టి తీసిన ఫోటో దాఖలు చెయ్యాలట.

నేనైతే ఎదురింటివాళ్ళ కారును పక్కన పెట్టి ఓ ఫోటో పంపించేద్దామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. లెక్కల టీచర్లతో వచ్చిన చిక్కే ఇది, అడిగిన ప్రశ్నకు సరైన జవాబు రాయందే వాళ్ళకు నిద్రపట్టదు. 'రెండు వాహనాలూ ఎల్లవేళలా ఒకే స్థలంలో ఉంటాయి కనుక వాటిని పక్కపక్కన నిలపడం గణితరీత్యా అసాధ్యం' అని గుండ్రటి అక్షరాలతో రాసి పంపింది.

శుక్రవారం పొద్దున్నే పరదేశిరావుగారు సిబ్బందితో సహా మా ఇంటికే వచ్చేశారు. ముఖం గంభీరంగా ఉంది.

"లెక్చరరు గారూ, రెండు వాహనములు ఒకే సమయమున ఒకే స్థలమున ఉండుటను ఏమందురు?"

"ఏమంటారండీ?"

"ప్రమాదము అందురు."

నేను కారు వంక చూశాను. కడిగి ముగ్గు పక్కన పెట్టిన కారు నిగనిగలాడుతోంది. వాళ్ళు కొలతలు తీసుకున్నారు, నాలుగు వైపులా సున్నంతో గీతలు గీశారు. ఢీకొన్న తీరు: సంపూర్ణము. క్షతగాత్రులు: లేరు. నష్టము: కనబడుట లేదు, విచారణ జరుగుచున్నది. ప్రమాదానికి గురైన వాహనాలను రోడ్డు మీద ఉంచకూడదు గనక రెండింటినీ కలిపి ఒకే తాడుతో లాక్కుపోయారు.

నవ్వకండి. నాకూ మొదట నవ్వే వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే ఇందుమతి మెట్ల మీద కూర్చుని ఉంది. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని దానిమీద లేని దుమ్ము తుడుస్తోంది.

"పద్నాలుగు నెలలండీ" అంది.

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూసింది తక్కువ. తిన్నగా సన్యాసయ్య దగ్గరికి పరిగెత్తాను.

"ఏక్సిడెంటు కేసుల్లో రెండు పార్టీలూ రాజీ పడిపోతే బళ్ళొగ్గేస్తారు మేష్టారూ. ఆ రెండో బండి ఓనరుతో మాటాడీసి రాజీకొచ్చీండి" అన్నాడు.

"రెండో బండి ఓనరు నా భార్యయ్యా!"

సన్యాసయ్య జాలిగా చూశాడు. "అయితే కొంచెం కష్టమే."

శనివారం రాజీ సమావేశం జరిగింది. నన్నో బల్లకు ఈ పక్క, ఆవిణ్ణి ఆ పక్క కూర్చోబెట్టారు. ఎవరూ చెయ్యి చేసుకోకుండా మధ్యలో అటెండరును నిలబెట్టారు.

"తప్పు ఎవరిది?" అన్నారు పరదేశిరావుగారు.

"నాదే" అన్నాను. పదహారేళ్ళ అలవాటు.

'మా రెండు వాహనములు ఎల్లవేళలా ఒకే స్థలమున, ఒకే వేగమున సంచరించుననియు, అందుకు మాకు పరస్పరము అభ్యంతరము లేదనియు' రాసిన పత్రం మీద ఇద్దరం సంతకాలు చేశాం. చదివామా అంటే, చదివాం. అర్థం చేసుకునే ఓపిక అప్పటికి లేదు. బళ్ళు విడుదలయ్యాయి. కానీ ఉగ్రం రోడ్డెక్కకూడదు కదా, ఎనిమిది కిలోమీటర్లు ఎలా పోతుందని ఇందుమతి అడిగింది.

పరదేశిరావుగారు కళ్ళు మూసుకున్నారు. తలుపు దగ్గర్నుంచి సన్యాసయ్య, "అయిబాబోయ్, ఆలోచిస్తన్నారు" అన్నాడు.

ఆయన కళ్ళు తెరిచి, సింహాచలం కొండ ఉన్న దిక్కుకు దండం పెట్టారు. "మన సింహాద్రి అప్పన్నస్వామి ఉగ్రరూపమును ఏడాది పొడుగునా చందనముతో కప్పి ఉంచుదురు. ఒక్కనాడే నిజరూప దర్శనము. దైవమునకే లేని మినహాయింపు తమ వాహనమునకు ఎందులకు? గంధపు పూతతో, మనిషి నడక వేగముతో, శాఖాధికారి ముందు నడువగా పోవచ్చును. రన్‌వే గేటు లోపలనే పూత తొలగించవలెను. నిజరూపమును నేను స్వయముగా వాహనమందు కూర్చుండి ధ్రువీకరించెదను."

దేవుడి పద్ధతిని దేవుడికి వదిలేయండి మహాప్రభో అందామనుకున్నాను. కారు మళ్ళీ పోతుందని భయపడి, గంధం తెమ్మని సన్యాసయ్యకు పురమాయించాను.

ఆదివారం పొద్దున ఆరింటికి సన్యాసయ్య రెండు డ్రమ్ములతో దిగాడు. "ఇంత గంధం ఎక్కడా దొరకలేదు మేష్టారూ. ముల్తానీమట్టిలో పసుపు కలిపీసి, పైన రెండు గుప్పిళ్ళు గంధప్పొడి జల్లీసినాను. వాసనొస్తాది, సాలు." అద్దాలు, దీపాలు వదిలి అంగుళం మందాన పూశాం. ముందు పరదేశిరావుగారు ఫైలు చంకన పెట్టుకుని నడుస్తుంటే, వెనక ఇందుమతి మొదటి గేరులో, పక్కన నేను చెప్పుల్లేకుండా. చెప్పులెందుకు విప్పానో నాకే తెలీదు. ఆ ఊపు అలాంటిది.

రెండు వీధులు దాటేసరికి జనం తగులుకున్నారు. ఎవరో బిందెడు నీళ్ళు తెచ్చి చక్రాల ముందు పోశారు. ఇంకెవరో పరదేశిరావుగారి మెళ్ళో దండ వేశారు. ఆయన తీసెయ్యబోయి, ఆగి, సర్దుకున్నారు. పక్క ఊళ్ళో సంబరం ముగించుకుని వెళుతున్న తప్పెటగుళ్ళ జట్టు ఒకటి మా వెనక చేరి, రొమ్ము మీది తప్పెటలు వాయిస్తూ చిందెయ్యడం మొదలుపెట్టింది. కొబ్బరికాయలు టపటపా పగులుతున్నాయి.

ఒక ముసలమ్మ హారతి పళ్ళెం పట్టుకొచ్చి అడిగింది. "ఏ సామి బాబూ?"

"ఆదివారం సామి అమ్మా" అన్నాను.

"సల్లగా సూడు తండ్రీ" అని కారుకు దండం పెట్టుకుంది. లోపల్నుంచి మా ఆవిడ కూడా తిరిగి దండం పెట్టింది.

రన్‌వే చేరేసరికి పదిన్నర. పన్నెండుకు తాళాలు గోడౌన్లవాళ్ళకు అప్పగించాలి. ఎండకు ముల్తానీమట్టి పెంకు కట్టింది. మా అవస్థ చూసి ధనుంజయ్ స్వయంగా బకెట్టు పట్టాడు. తన రికార్డును కొట్టడానికి వచ్చిన కారును తనే కడిగిన ఆ మనిషిని నేను మరిచిపోలేను. పలాస జీడిపప్పు తప్ప ఇంకోటి కొననని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను. తప్పెటగుళ్ళవాళ్ళు పాడుతూ రుద్దారు. పదకొండూ నలభైకి నిజరూపం బయటపడింది, ఎర్రగా, నీళ్ళోడుతూ.

పరదేశిరావుగారు దండతో, హెల్మెట్‌తో, ఫైలుతో ఎడమ సీట్లో కూర్చున్నారు. మనిషి తొంభై అయిదు కిలోలుంటారు. అర సెకను కోసం నీళ్ళ సీసా కూడా బయట పడేసే మనిషి మా ఆవిడ.

"నిదానముగా పోనిమ్మమ్మా. పరిశీలించవలెను" అన్నారాయన.

ఇందుమతి బటను నొక్కింది.

మొదటి మలుపులో ఫైలు కిటికీలోంచి బయటికి వచ్చేసింది. రెండో మలుపులో "అప్పన్నా!" అన్న కేక వినబడింది. మూడో మలుపులో ఏమీ వినబడలేదు. నేను భయపడ్డాను. తిన్నటి దారిలోకి వచ్చేసరికి ఇంజను హోరులోంచి ఇంకో చప్పుడు తేలింది. నవ్వు! పరదేశిరావుగారు నవ్వుతున్నారు, చక్కిలిగింతలు పెట్టినట్టు, ఆగకుండా.

గడియారం పట్టుకున్న క్లబ్బు కార్యదర్శి రెండుసార్లు చూసుకుని అరిచాడు. "ఒకటి ముప్ఫయ్యొకటి పాయింట్ ఒకటి!"

నేను గెంతిన గెంతుకు చెరుకురసం గ్లాసు ఎటు పోయిందో తెలీదు. తప్పెటగుళ్ళవాళ్ళతో కలిసి చిందేశాను. ధనుంజయ్ కూడా వేశాడు. ఇందుమతి హెల్మెట్ తీసి, చెంపల మీద నీళ్ళు కారిపోతుంటే, "ఇన్నాళ్ళూ బరువంతా నా వైపే ఉండేదండీ! ఇవాళ రెండు వైపులా సమమైంది. నా లెక్కలో తప్పంతా అక్కడుంది!" అంది. మనిషి అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

పరదేశిరావుగారు దిగి ఒక టైరు మీద కూర్చుని నీళ్ళడిగారు. తాగి, "మరొక్క పర్యాయము పరిశీలించిన బాగుండును" అన్నారు. అప్పటికే గోడౌన్లవాళ్ళు తాళాలు పట్టుకుని నిలబడ్డారు. ఆయన నిట్టూర్చి, ఎగిరిపోయిన ఫైలు ఏరుకుని ధ్రువపత్రం రాసిచ్చారు. రాజీ పత్రం ప్రకారం ఆ చుట్టు తిరిగినవి రెండు వాహనాలు. రెండూ ఒకే వేగంతో తిరిగాయి. కాబట్టి రికార్డు ఇద్దరు యజమానులకూ చెందుతుంది. కార్యదర్శి పాపం ముద్ర చూసి భయపడి, నల్లబోర్డు మీద పైన రెండు పేర్లు రాశాడు. ఒకటి ఇందుమతిది. రెండోది నాది.

ఆవిడ బోర్డు చూసింది. తర్వాత నన్ను చూసింది. "మీరు ఆ టైములో ఏం చేస్తున్నారు?" అని అడిగింది.

"చెరుకురసం తాగుతున్నాను ఇందూ."

ఆవిడ హెల్మెట్ నా చేతిలో పడేసి వెళ్ళి కార్లో కూర్చుంది.

మర్నాడు నాకు నోటీసు వచ్చింది. నలభై దాటకూడని నా శాంత వాహనము నిన్న గంటకు నూట అరవై మూడు కిలోమీటర్ల వేగమున పోయినట్లు అధికారి స్వయముగా చూచియున్నందున, నా లైసెన్సు ఆరు నెలలు రద్దు. ఉగ్ర వాహనము మాత్రము తన స్వభావమునకు తగినట్లే ప్రవర్తించినందున శ్రీమతి ఇందుమతిగారికి అభినందనలు. ఆ కాగితం చదివాకే ఆవిడ ముఖంలో నవ్వు వచ్చింది.

ఇప్పుడు నన్ను రోజూ కాలేజీకి దింపేది ఆవిడే. రన్‌వే పోయింది, గోడౌన్లొచ్చాయి. ఎన్ఏడీ వంతెన మలుపుంది, పాత ఆర్టీసీ డిపో దగ్గర ఎస్ ఆకారపు వంపుంది, కాలేజీ ముందు తిన్నటి దారుంది. ఆవిడ కొత్త కాగితం మీద కొత్త లెక్కలు మొదలుపెట్టింది. ఆ పేపర్లో నా బరువు కూడా ఒక అంకె.

వారం భరించి పరదేశిరావుగారికి అర్జీ పెట్టుకున్నాను. మా ఆవిడ కారు తోలే తీరుకు నా ప్రాణాలు పోతున్నాయి మహాప్రభో అని. మూడు రోజుల్లో జవాబు వచ్చింది. 'సోమవారము మొదలు శనివారము వరకు సదరు వాహనము శాంతమని రికార్డులలో కలదు. శాంత వాహనమున కూర్చుండి భయపడుట నిబంధనలకు విరుద్ధము. ఇకపై ఇట్లు భయపడినచో చర్య తీసుకొనబడును.' కింద పెన్నుతో ఒక వాక్యం: 'ఆదివారములు ఖాళీ ఉన్నచో, ఎడమ సీటు విషయమై నన్ను సంప్రదించగలరు.'

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి నేను కాలేజీకి గంట కొట్టకముందే చేరుతున్నాను. నా ప్రాణం ఇంకో రెండు నిమిషాలకు వస్తోంది. అది వచ్చాక పాఠం మొదలుపెడతాను.